కోఠీ – ప్లాంటేషన్: వర్జీనియాలో తొలి ఇంగ్లీషు వలస స్థాపన, విస్తరణ (1606–1624)

1619 ఆగస్టు 9వ తేదీన మచిలీపట్నంలో సర్ థామస్ డేల్ అనే ఇంగ్లీషు సేనాని మరణించాడు. ఈస్టిండియా కంపెనీ పంపిన ఓడల దళానికి అధిపతిగా తూర్పు సముద్రాలకు వచ్చి, జావా తీరంలో డచ్చివారితో తలపడి, ఆశించిన ఫలితం దక్కకుండానే కోరమండల్ తీరం చేరి, ఇక్కడ జబ్బుతో కన్నుమూశాడు. మచిలీపట్నం చరిత్రలో ఇదొక చిన్న సంఘటన. అమెరికా చరిత్ర చదివినవారికి మాత్రం డేల్ సుపరిచితుడు. 1611 నుంచి 1616 వరకు వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలసను నడిపిన ముఖ్యాధికారులలో అతడొకడు. ఆకలికి తాళలేక పారిపోయినవారిని ఉరితీయించిన కఠిన శాసకుడు, అదే మనుషుల చేతికి తొలిసారి సొంత సాగుభూమి ఇచ్చినవాడు, ఈ ఇద్దరూ ఒక్కడే.

ఒకే మనిషి పదేళ్ల లోపల భూగోళానికి రెండు వైపులా రెండు కంపెనీల కొలువులో ఉండడం యాదృచ్ఛికం కాదు. లండన్‌లో ఆ రెండు కంపెనీల వెనక ఉన్న వర్తక బృందాలు చాలావరకు కలగలిసినవే. సర్ థామస్ స్మైత్ 1600లో ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరు. 1609 నుంచి 1619 దాకా వర్జీనియా కంపెనీకి ట్రెజరర్, అంటే ఆచరణలో అధ్యక్షుడు. 1607లో జేమ్స్‌టౌన్‌కు తొలి వలసదారులను చేర్చిన కెప్టెన్ క్రిస్టఫర్ న్యూపోర్ట్ తరవాతి కాలంలో ఈస్టిండియా కంపెనీ ఓడలు నడిపాడు. 1615లో జహంగీరు దర్బారుకు రాయబారిగా బయలుదేరిన సర్ థామస్ రో ప్రయాణించిన ఓడకు అతడే కెప్టెన్. 1617లో అతడు జావాలోని బాంటంలో చనిపోయాడు. పెట్టుబడి వచ్చిన ఊరు ఒకటే, కాలం ఒకటే, మనుషులలో కొందరు ఒకరే. అయినా కృష్ణా ముఖద్వారం దగ్గర వెలసినది కోఠీ. జేమ్స్ నది ఒడ్డున వెలసినది వలస. ఈ తేడా ఇంగ్లీషువారి ఉద్దేశంలో మొదటినుంచీ ఉన్నది కాదనీ, వర్జీనియాలో వారు తలపెట్టినది కూడా ఒక రకమైన వర్తక స్థావరమేననీ, అది విఫలమైన తరవాతనే అక్కడ వలస రూపుదిద్దుకున్నదనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి. తెలుగులో వలస అంటే కరువొచ్చినప్పుడో దండొచ్చినప్పుడో ఉన్న ఊరు విడిచిపోవడం. ఆ మాటలో పోయేవాడి నిస్సహాయతే తప్ప పెత్తనం లేదు. దానికి ‘రాజ్యం’ చేరి ‘వలసరాజ్యం’ అయ్యేసరికి అర్థం తలకిందులైంది. పొట్ట చేతపట్టుకుని పోయినవాడే ఏలికగా మారాడు. నిజానికి తొలి ఇంగ్లీషు వలసల విషయంలో ఈ విరుద్ధార్థాల సమాసం అనుకోకుండానే చక్కగా అమరింది. 17వ శతాబ్దపు ఇంగ్లీషు పత్రాలలో వలసకు వాడుకలో ఉన్న మాట ‘ప్లాంటేషన్’. అంటే నాటడం. నాటేది మొక్కను కాదు, మనుషులను. ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ప్రచురించిన ‘ప్లాంటేషన్ల గురించి’ అన్న వ్యాసంలో విషయం వలసల స్థాపనే. తోటల మీద అతడు వేరే వ్యాసం రాశాడు. ఇక ‘ఫ్యాక్టరీ’ అంటే ఆనాడు కర్మాగారం కాదు. ‘ఫ్యాక్టర్’ అని పిలిచే వర్తక ఏజెంటు కాపురముండి సరుకు కొని నిలవచేసే ఇల్లు. దీనికి తెలుగులో కోఠీ అన్న మాట సరిగ్గా సరిపోతుంది. కోఠీలో ఉన్నవాడు కొంటాడు. ప్లాంటేషన్‌లో ఉన్నవాడు పండించాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

తొలి ప్రయత్నాలు

వర్జీనియాకు ముందు ఇంగ్లీషువారు మనుషులను నాటడం నేర్చుకున్నది ఐర్లాండులో. 1580లలో మన్‌స్టర్ ప్రాంతంలో తిరుగుబాటుదారుల భూములు స్వాధీనం చేసుకుని ఇంగ్లీషు కుటుంబాలకు పంచారు. వాల్టర్ రాలీకి అక్కడ పెద్ద జాగీరు ఉండేది. 1584లో ఎలిజబెత్ రాణి నుంచి అమెరికాలో వలస స్థాపనకు అనుమతిపత్రం పొందినవాడూ అతడే. అతడు పంపిన జట్టు 1585లో ఇప్పటి నార్త్ కరోలినా తీరంలోని రోనోక్ దీవిలో దిగింది. నాయకుడు రాల్ఫ్ లేన్ ఐర్లాండులో పనిచేసి వచ్చిన సైనికుడు. స్థానికుల ధాన్యం మీద ఆధారపడుతూనే వారితో కయ్యం పెట్టుకుని, ఏడాది తిరక్కుండా డ్రేక్ ఓడలెక్కి అందరూ వెనుదిరిగారు. 1587లో స్త్రీలు, పిల్లలతో సహా సుమారు 115 మందితో మరో జట్టు వెళ్లింది. సరుకుల కోసం ఇంగ్లండు వచ్చిన నాయకుడు జాన్ వైట్ స్పెయిన్‌తో యుద్ధం కారణంగా 1590 దాకా తిరిగి పోలేకపోయాడు. పోయేసరికి ఊరు ఖాళీగా ఉంది. ఒక స్తంభం మీద ‘క్రొయటోవన్’ అన్న మాట మాత్రం చెక్కి ఉంది. అది దగ్గరలోని ఒక దీవి పేరు.

రోనోక్ మీద కథలు చాలా పుట్టాయి. చరిత్రకు అవసరమైన విషయం మాత్రం ఒకటే: ఒక ప్రభువు సొంత ఖర్చుతో వలస నిలపడం సాధ్యం కాదని దానివల్ల తేలింది. పెట్టుబడి పంచుకునే వర్తకుల కంపెనీ అవసరమైంది.

జీతగాళ్ల శిబిరం

1606 ఏప్రిల్ 10న మొదటి జేమ్స్ రాజు వర్జీనియా కంపెనీకి సన్నదు ఇచ్చాడు. అదే సంవత్సరం డిసెంబరులో సూజన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీ అనే మూడు ఓడలు లండన్ నుంచి బయలుదేరాయి. 1607 మే నెల మధ్యలో 104 మంది పురుషులు, బాలురు జేమ్స్ నదిలోని ఒక ద్వీపకల్పం మీద దిగారు. స్త్రీ ఒక్కరు కూడా లేరు. ఇది కాపురానికి వెళ్లిన జట్టు కాదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు.

కంపెనీ వారికి ఇచ్చిన పనులు కూడా ఇదే మాట చెబుతాయి. బంగారం వెతకాలి, పసిఫిక్ సముద్రానికి దారి కనిపెట్టాలి, స్థానికులతో వర్తకం పెట్టుకోవాలి. ఆ తరవాత వచ్చిన ఓడలలో బంగారం శుద్ధిచేసేవారూ, నగల పనివారూ, అత్తరు చేసేవాడూ కూడా ఉన్నారు. 1608లో న్యూపోర్ట్ బంగారమని ఓడకెత్తించుకుపోయిన మట్టి లండన్‌లో పనికిరానిదని తేలింది. వచ్చినవారు భూమికి యజమానులు కారు, కంపెనీ నౌకర్లు. పండినా, దొరికినా అంతా కంపెనీ గిడ్డంగిలోకి పోతుంది. తిండి గిడ్డంగి నుంచి కొలిచి ఇస్తారు. ఒక్కమాటలో, పొలం లేని పల్లె, సరుకు లేని కోఠీ.

దిగిన స్థలం కూడా ప్రాణాంతకమైనది. ఓడలు ఒడ్డుదాకా వస్తాయనీ, స్పెయిన్ ఓడలు దూరంనుంచే కనిపిస్తాయనీ దానిని ఎంచుకున్నారు. వేసవిలో నది పారుదల తగ్గితే తాగేనీరు ఉప్పబారుతుంది. 1608 జనవరి నాటికి 104 మందిలో ప్రాణాలతో మిగిలింది 38 మంది. దీనికి వలసదారుల సోమరితనమే కారణమని కెప్టెన్ జాన్ స్మిత్ రాతల ఆధారంగా చాలాకాలం చెప్పుకున్నారు. 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ నిందను కొంత తగ్గించింది. ఆ ప్రాంతపు సైప్రస్ చెట్ల వార్షిక వలయాలను పరిశీలించి, 1606–1612 మధ్య ఏడేళ్లు గత 770 ఏళ్లలోనే అత్యంత తీవ్రమైన అనావృష్టి కాలమని అది తేల్చింది. రోనోక్ రెండో జట్టు మాయమైన 1587–1589 కూడా అలాంటి కరువుకాలమే. తమకే చాలని మొక్కజొన్నను పరాయివారికి అమ్మమంటే స్థానికులు వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు.

ఆ స్థానికులు చెదురుమదురుగా తిరిగే అడవి మనుషులు కారు. సుమారు 30 తెగలు వాహున్‌సెనకావ్ అనే అధినేత కింద ఉండేవి. ఇంగ్లీషువారు అతనిని పౌహటాన్ అని పిలిచేవారు. ఆ దేశానికి వారి భాషలో పేరు సెనకొమాక. జేమ్స్‌టౌన్ కట్టిన నేల పస్పహె అనే తెగవారిది. మొదటి రెండేళ్లు రాగి రేకులకు, గాజుపూసలకు, గొడ్డళ్లకు మొక్కజొన్న మార్చుకోవడమే ఇంగ్లీషువారి బతుకుతెరువు. అప్పుడు అర్థించేవారు వీరు, ఇవ్వాలో వద్దో నిర్ణయించేవాడు పౌహటాన్. అతడు ఇవ్వడం మానేశాక ఏమైందో 1609–10 శీతకాలం చూపింది.

ఆ ఏడు కంపెనీ తొమ్మిది ఓడలలో దాదాపు 500 మందిని పంపింది. నాయకులున్న సీ వెంచర్ ఓడ తుపానులో చిక్కి బెర్ముడా దీవుల దగ్గర రాళ్లకు తట్టుకుంది. (బెర్ముడా మీద ఇంగ్లీషువారి కన్ను పడింది ఈ ప్రమాదం వల్లనే, 1612లో అక్కడ మరో వలస ఏర్పడింది.) మిగతావారు జబ్బులతో, చాలీచాలని తిండితో జేమ్స్‌టౌన్ చేరారు. కోట బయటికి వస్తే బాణాలు, లోపల ఆకలి. గుర్రాలు, కుక్కలు, ఎలుకలు, తోలు బూట్లు అయిపోయాక శవాలను కూడా తిన్నారని అప్పటి రాతలు చెబుతున్నా, అతిశయోక్తి అని కొట్టిపారేసిన చరిత్రకారులున్నారు. 1994 నుంచి విలియం కెల్సో నాయకత్వంలో జరిగిన తవ్వకాలలో కోట ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడే చెత్తకుప్పగా మారిన ఒక నేలమాళిగలో సుమారు 14 ఏళ్ల ఇంగ్లీషు బాలిక పుర్రె దొరికింది. దాని మీద మాంసం కోసిన గాట్లున్నాయని 2013లో స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ వసంతానికి కోటలో ప్రాణాలతో ఉన్నవారు 60 మందికి అటూ ఇటూ. 1610 జూన్‌లో బతికినవారంతా ఊరు వదిలి ఓడలెక్కారు. నదీముఖం చేరకముందే కొత్త గవర్నరు డి లా వార్ ఓడల కబురు ఎదురై వెనక్కి మళ్లారు. ఆ కబురు కొన్ని రోజులు ఆలస్యమైతే జేమ్స్‌టౌన్ మరో రోనోక్ అయ్యేది.

మూడెకరాలు

1611 మేలో వచ్చిన డేల్ నెదర్లాండ్స్ యుద్ధాలలో ఆరితేరిన సైనికుడు. అతనికంటే ముందు గేట్స్ మొదలుపెట్టిన సైనిక శాసనాలను అతడు విస్తరించి అమలు చేశాడు. 1612లో అవి లండన్‌లో అచ్చయ్యాయి. గిడ్డంగిలో దొంగతనానికి మరణశిక్ష. అనుమతి లేకుండా స్థానికులతో బేరమాడితే మరణశిక్ష. పారిపోయి వారి ఊళ్లలో చేరినవారిని పట్టితెచ్చి కొందరిని ఉరితీశారు, కొందరిని కాల్చారు, కొందరిని చక్రానికి కట్టి ఎముకలు విరిచారు. ఇంగ్లీషువారు ఇంగ్లీషువారి ఊరినుంచి పారిపోయి స్థానికుల ఊళ్లకు వెళ్లడం గమనించదగిన విషయం. నాగరికత ఎటునుంచి ఎటు ప్రయాణించిందో చెప్పే పుస్తకాలు ఈ ప్రయాణాన్ని సాధారణంగా ప్రస్తావించవు.

శిక్షలతో ధాన్యం పండలేదు. సుమారు 1614లో డేల్ కంపెనీ పాత నౌకర్లకు మనిషికి మూడెకరాల చొప్పున కౌలుకు ఇచ్చాడు. ఏటా రెండున్నర పీపాల మొక్కజొన్న, ఒక నెల పని వలసకు చెల్లించాలి, మిగిలినదంతా సాగుచేసినవాడిది. వలస కార్యదర్శి రాల్ఫ్ హేమర్ 1615లో ప్రచురించిన తన వృత్తాంతంలో దీని ఫలితం నమోదు చేశాడు: ఉమ్మడి పనిలో 30 మంది పండించలేని పంటను ఇప్పుడు ముగ్గురు తమకోసం పండిస్తున్నారని ఆ లెక్క. అధికారి రాసిన లెక్క కనక కొంత తగ్గించి చదవాలి. అయినా ఆకలిచావులు ఆగిపోయిన మాట నిజం. 1616లో జాన్ రోల్ఫ్ లెక్కించినప్పుడు వలసలో ఉన్నది 351 మంది. కొద్దిమందే, కాని వారు తామే పండించుకుని తింటున్నారు.

ఈ మార్పును సొంత ఆస్తి విజయంగా చెప్పడం అమెరికా పాఠ్యగ్రంథాలలో పరిపాటి. 1623లో ప్లిమత్‌లో బ్రాడ్‌ఫర్డ్ కూడా ఉమ్మడి సాగు మాని కుటుంబాలకు పొలాలు పంచిన సంగతి దానికి తోడు చేరుస్తారు. ఆ వాదంలో ఒక మాట లోపిస్తుంది: పంచిన ఆ మూడెకరాలు ఎవరివి? 1610 ఆగస్టులో జార్జ్ పెర్సీ జట్టు పస్పహె గ్రామం మీద పడి, ఇళ్లు తగలబెట్టి, పైరు కోసేసి, నాయకుడి భార్యను, పిల్లలను పట్టుకుని చంపింది. పెర్సీ స్వయంగా రాసిపెట్టిన విషయమిది. కొన్నేళ్లలో పస్పహె పేరే పత్రాలలోంచి తప్పుకుంది. డేల్ కౌలు పంపిణీ చేయగలిగింది ఆ ఖాళీ చేయించిన నేలను.

1613లో పౌహటాన్ కుమార్తె పొకహాంటస్‌ను శామ్యూల్ ఆర్గాల్ ట్రెజరర్ అనే ఓడలో బందీగా తెచ్చాడు. మరుసటి ఏడు రోల్ఫ్‌తో ఆమె పెళ్లి జరిగి కొంతకాలం శాంతి నెలకొంది. 1616లో డేల్ అదే ఓడలో ఆమెను, రోల్ఫ్‌ను వెంటబెట్టుకుని ఇంగ్లండు వెళ్లాడు. ఆమె 1617లో గ్రేవ్‌జెండ్‌లో మరణించింది. డేల్ ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు.

పొగాకు, తల లెక్క

రోల్ఫ్ పేరు పొకహాంటస్ భర్తగా ప్రసిద్ధం. వలస చరిత్రలో అతని అసలు స్థానం వేరు. వర్జీనియాలో సహజంగా పెరిగే పొగాకు ఘాటుగా ఉండేది. అతడు 1612 ప్రాంతంలో స్పెయిన్ అధీనంలోని వెస్టిండీస్ రకం విత్తనం తెప్పించి నాటాడు. 1617లో సుమారు 20,000 పౌన్ల పొగాకు ఇంగ్లండుకు ఎగుమతయింది. 1620ల చివరికి ఏటా అయిదు లక్షల పౌన్లు దాటింది. 1604లో పొగాకును తిడుతూ స్వయంగా పుస్తకం రాసిన జేమ్స్ రాజు పేరు పెట్టుకున్న ఊరు, అతని రాజ్యకాలంలోనే, పొగాకు మీద నిలిచింది. 1617లో ఆర్గాల్ అధికారిగా వచ్చేసరికి జేమ్స్‌టౌన్ వీధులలోనూ, అంగడి స్థలంలోనూ కూడా పొగాకు నాటి ఉంది. మూడు శతాబ్దాల తరవాత గుంటూరు నల్లరేగడిలో రైతులు వేసిన ‘వర్జీనియా పొగాకు’ పేరులో ఆ నది ఒడ్డు ఇప్పటికీ వినిపిస్తుంది.

పొగాకు నేలను మూడు నాలుగు పంటలకే నిస్సారం చేస్తుంది. కొత్త నేల కావాలి. ఆకు తుంచడం, ఆరబెట్టడం, చుట్టడం అంతా చేతిపని. కొత్త మనుషులు కావాలి. ఈ రెండింటినీ ఒకే ముడిలో కట్టినది 1618లో కంపెనీ ప్రవేశపెట్టిన తల లెక్క పద్ధతి. సొంత ఖర్చుతో వర్జీనియాకు వచ్చినవాడికి 50 ఎకరాలు. మరొకరి ఓడ ఖర్చు భరించి తీసుకొచ్చినవాడికి తలకు మరో 50 ఎకరాలు. భూమి దక్కేది వచ్చినవాడికి కాదు, తెచ్చినవాడికి. వచ్చినవాడు ఓడ కూలి తీర్చడానికి నాలుగు నుంచి ఏడేళ్లు చాకిరీ చేస్తానని ఒడంబడిక రాసివ్వాలి. ఆ ఒడంబడికను మధ్యలో మరొకరికి అమ్ముకోవచ్చు కూడా. ఇలాంటి కూలీ ఒడంబడికే రెండు శతాబ్దాల తరవాత, బానిసత్వం రద్దయ్యాక, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారిని మారిషస్, నాటాల్, ఫిజీ చెరకు తోటలకు చేర్చింది. వలస అన్న తెలుగు మాటకు ఉన్న పాత అర్థమూ, కొత్త అర్థమూ కలిసే చోటు ఆ కాగితం.

కాపురాలు లేని ఊరు నిలవదని కంపెనీకి అప్పటికి తెలిసింది. 1620లో 90 మంది యువతులను ఓడలో పంపారు. పెళ్లాడినవాడు ప్రయాణ ఖర్చు కింద 120 పౌన్ల మేలురకం పొగాకు కట్టాలి. తరవాత దానిని 150కి పెంచారు.

1619 వేసవిని విడిగా చూడవలసి ఉంది. జూలై 30న జేమ్స్‌టౌన్ చర్చిలో గవర్నరు యార్డ్‌లీ ఎదుట 22 మంది ప్రతినిధులు సభగా కూర్చున్నారు. అమెరికాలో ఎన్నికైన శాసనసభకు అది ఆరంభమంటారు. పదిరోజులకు డేల్ మచిలీపట్నంలో చనిపోయాడు. ఆగస్టు చివర వైట్ లయన్ అనే ఓడ పాయింట్ కంఫర్ట్ రేవులో ఆగి, ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను దించి, బదులు తిండిసామాను ఎక్కించుకుపోయింది. అంగోలా నుంచి మెక్సికోకు పోతున్న పోర్చుగీసు బానిసల ఓడను కొల్లగొట్టి తెచ్చిన మనుషులు వారు. ఆ కొల్లలో పాలుపంచుకున్న రెండో ఓడ ట్రెజరర్. పొకహాంటస్‌ను బంధించినది, డేల్‌ను ఇంగ్లండుకు చేర్చినది. సభకు, బానిసత్వానికి ఒకే వలసలో నెల తేడాలో పునాది పడడాన్ని ఎడ్మండ్ మోర్గన్ 1975లో వచ్చిన తన గ్రంథంలో లోతుగా విచారించాడు. తెల్లవారి స్వేచ్ఛ, నల్లవారి బానిసత్వం పరస్పర విరుద్ధాలు కావు, ఒకదాని ఆసరాతో ఒకటి పెరిగాయన్నది అతని నిర్ధారణ. 17వ శతాబ్దం రెండో సగంలో చట్టాలు దీనిని స్థిరపరిచాయి. తల్లి బానిస అయితే బిడ్డా బానిసేనని 1662 చట్టం. డేల్ మూడెకరాలనుంచి ఈ చట్టానికి దూరం యాభై ఏళ్లు కూడా లేదు.

పొలాలు నది వెంబడి పాకుతుండగా పౌహటాన్ వారసుడైన ఒపెచాన్‌కనో 1622 మార్చి 22న ఒక్కసారిగా దెబ్బతీశాడు. దాదాపు 1,240 మందిలో 347 మంది హతులయ్యారు. దీని తరవాత స్థానికులను తరిమి నేల తీసుకోవడం తమ హక్కని ఇంగ్లీషువారు బాహాటంగానే రాసుకున్నారు. కంపెనీ మాత్రం కోలుకోలేదు. 1607 నుంచి 1624 దాకా అది ఏడు వేలకు పైగా మనుషులను పంపిందని అంచనా; 1625 లెక్కలో మిగిలినవారు 1,200కు కొంచెం పైన. 1624లో న్యాయస్థానం కంపెనీ సన్నదును రద్దుచేసింది, వర్జీనియా నేరుగా రాజు పాలనలోకి పోయింది. వాటాదారులకు దక్కింది నష్టమే. వలస మాత్రం దానిని పుట్టించిన కంపెనీ చచ్చిపోయాక బతికింది.

మచిలీపట్నంలో ఎందుకు నాటలేదు

ఇదే కాలంలో తూర్పు తీరంలో జరిగినది ఇందుకు పూర్తిగా భిన్నం. ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో పులికాట్ చేరింది. అక్కడ పాతుకుపోయిన డచ్చివారు చోటివ్వలేదు. ఉత్తరంగా నిజాంపట్నానికి, అక్కడినుంచి మచిలీపట్నానికి పోయి కోఠీ పెట్టుకున్నారు. గోల్కొండ సుల్తాను రాజ్యమది. హవల్దారు ఉన్నాడు, సుంకం ఉంది, దళారులు ఉన్నారు. ముఖ్యంగా, కొనడానికి సరుకు ఉంది. లోపలి గ్రామాలలో సాలెలు నేసిన గుడ్డ, చిరివేరు రంగుతో అద్దిన వస్త్రం బాంటంలో మిరియాలకు మారకంగా చెల్లుతాయి. ఇంగ్లీషువాడు చేయవలసిందల్లా ముందుగా బయానా ఇవ్వడం, సరుకు వచ్చేదాకా కాచుకోవడం. 1618–22 మధ్య ఇక్కడ కోఠీ పెద్దగా ఉన్న విలియం మెథ్‌వల్డ్ ఈ ఊరిని చిన్నదే అయినా జనం కిక్కిరిసినదనీ, ప్రాకారం లేనిదనీ వర్ణించాడు. ప్రాకారం లేని ఊరిలో కొద్దిమంది ఇంగ్లీషువారు నిర్భయంగా ఉండగలిగారు. కర్రకోట కట్టుకున్న జేమ్స్‌టౌన్‌లో వందలమంది చచ్చారు. ఒకచోట రాజ్యం రక్షణ ఉంది, ఇంకోచోట ఇంగ్లీషువారే ఒక రాజ్యంతో పోరు పెట్టుకున్నారు.

కనక మచిలీపట్నంలో నాటడం అవసరమూ కాలేదు, సాధ్యమూ కాలేదు. భూమి దున్నేవారున్నారు, నేసేవారున్నారు, పన్ను వసూలుచేసే ప్రభుత్వముంది. 1630లలో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 వరహాల సుంకానికి గోల్కొండ రేవులలో వర్తకం చేసుకునే హక్కు వచ్చింది. అదీ కోఠీ హక్కే. 1639లో దామెర్ల నాయకుడి నుంచి మద్రాసులో చోటు పొంది కోట కట్టినప్పుడు కూడా ఆ కోట చుట్టూ చేరినది ఇంగ్లీషు రైతులు కారు, తెలుగు, తమిళ నేతగాళ్లు, వర్తకులు. ఇక్కడ ఇంగ్లీషువారు రాజ్యమైనది ఒకటిన్నర శతాబ్దం తరవాత, వేరే దారిలో, పన్నుల దారిలో. అందుచేత రెంటినీ ‘వలసరాజ్యం’ అన్న ఒక్క పేరుతో పిలవడం వాడుకకు సరిపోవచ్చు గాని పరిశోధనకు సరిపోదు.

వర్జీనియా నమూనా మాత్రం అట్లాంటిక్ పొడుగునా వ్యాపించింది. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులతో మొదలైన ప్లిమత్, 1630 నుంచి ఒక్క దశాబ్దంలో సుమారు 20,000 మందిని రప్పించుకున్న మసాచుసెట్స్ బే, మతం పేర కుటుంబాలతో తరలిపోయిన వలసలు. వాటి కథ వేరు. 1627లో మొదలైన బార్బడోస్ వర్జీనియాకు నిజమైన తోబుట్టువు. అక్కడా ముందు ఒడంబడిక కూలీలతో పొగాకు, పత్తి. 1640లలో చెరకు రాగానే ఆఫ్రికన్ బానిసలు. శతాబ్దం ముగిసేసరికి ఇంగ్లీషులో ‘ప్లాంటేషన్’ అంటే నాటిన మనుషుల ఊరు అన్న అర్థం వెనకబడి, ఒకడి సొంతమైన పెద్ద తోట, అందులో చాకిరీ చేసే పరాయి మనుషులు అన్న అర్థం ముందుకు వచ్చింది. ఆ చాకిరీకి మనుషులను కొనడానికి పశ్చిమ ఆఫ్రికాకు పోయిన సరుకులో కోరమండల్ గుడ్డ కూడా ఉంది. కోఠీకి, ప్లాంటేషన్‌కు లండన్‌లో మొదలైన చుట్టరికం అలా ఆఫ్రికా రేవులలోనూ సాగింది.

1635లో వర్జీనియాలో జార్జ్ మెనిఫీ అనే భూస్వామి తాను ఓడ ఖర్చు భరించి తెచ్చిన మనుషుల జాబితా చూపి పట్టా తీసుకున్నాడు. అందులో ఒక పేరు టోనీ. పక్కన ‘ఈస్టిండియన్’ అని రాసి ఉంది. వర్జీనియా పత్రాలలో తొలిదశలో కనిపించే భారతీయులలో అతడొకడు. అతని ఊరు, భాష, అసలు పేరు ఆ గుమాస్తాకు అక్కరలేకపోయాయి. తల లెక్క ప్రకారం అతని మీద మెనిఫీకి జమ అయినది 50 ఎకరాలు.